‘ఆల్ ద ప్రెసిడెంట్స్ మెన్’: డీవీడీనా, బ్లూ-రేనా? ఏది మేలు?

అర్ధరాత్రి, భూమి అడుగున కార్ల పార్కింగ్. ఎక్కడో ఒక లైటర్ వెలుగుతుంది, ఆ వెలుగులో క్షణంపాటు ఒక ముఖం. అమెరికా అధ్యక్షుడు నిక్సన్‌ను గద్దె దింపిన వాటర్‌గేట్ కుంభకోణం రహస్యాలకు, వాషింగ్టన్ పోస్ట్ విలేకరి బాబ్ వుడ్‌వర్డ్‌కి దారి చూపించే అజ్ఞాత వ్యక్తి ‘డీప్ త్రోట్’తో మన తొలి పరిచయం అది. ఆ పాత్రలో హాల్ హోల్‌బ్రూక్ ముఖం సగానికి పైగా నీడలోనే ఉంటుంది. 1976లో ఈ సినిమా తీసిన దర్శకుడు అలన్ పకూలా, ఛాయాగ్రాహకుడు గోర్డన్ విల్లిస్ కావాలనే అంత చీకటి పెట్టారు. ఈ సినిమా డిస్కుల్లో ఏది మంచిదని ఎవరు అడిగినా నేను ముందు ఆ సీనే పెట్టి చూడమంటాను.

నేను పోల్చేది వార్నర్ సంస్థ తెచ్చిన మూడు ఎడిషన్లను. ఒకటి, 2006 నాటి రెండు డిస్కుల డీవీడీ. రెండోది, 2011లో పుస్తకం ఆకారంలో వచ్చిన బ్లూ-రే. దీన్ని కలెక్టర్లు డిజిబుక్ అంటారు. మూడోది, 2013 నాటి రెండు డిస్కుల బ్లూ-రే.

డీవీడీ వచ్చిన సమయం భలే కుదిరింది. ముప్పై ఏళ్లకు పైగా దాగిన డీప్ త్రోట్ తానేనని 2005లో ఎఫ్‌బీఐ మాజీ అధికారి మార్క్ ఫెల్ట్ బయటపెట్టాడు. ఆ మరుసటి ఏడాదే ఆయన మీద ఒక చిన్న డాక్యుమెంటరీ, సినిమా ఎలా తీశారో చెప్పే మరొకటి, మొత్తం సినిమాకు రాబర్ట్ రెడ్‌ఫోర్డ్ వ్యాఖ్యానం కలిపి ఈ సెట్ తెచ్చారు. వుడ్‌వర్డ్, అతని తోటి విలేకరి కార్ల్ బెర్న్‌స్టీన్ ఈ సినిమాకు ఆధారమైన పుస్తకం రాయకముందే వాళ్ల వెంటపడి ఈ కథను పట్టుకున్న మనిషి, సినిమాలో వుడ్‌వర్డ్‌గా నటించిన రెడ్‌ఫోర్డ్. 2025 సెప్టెంబరులో ఆయన కన్నుమూశాక ఆ వ్యాఖ్యానం విన్నాను. చాలాసేపు డిస్కు తీయబుద్ధి కాలేదు.

కానీ బొమ్మ దగ్గరికి వచ్చేసరికి డీవీడీ చేతులెత్తేస్తుంది. పెద్ద టీవీలో గ్యారేజీ సీను పెడితే నీడలన్నీ గళ్లుగళ్లుగా విడిపోయి, హోల్‌బ్రూక్ కోటు ఎక్కడ అయిపోయిందో, గోడ ఎక్కడ మొదలైందో తెలియదు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో కెమెరా పైకప్పు దాకా లేచే షాట్‌లో ఇద్దరు విలేకరులూ రెండు మచ్చలైపోతారు. బ్లూ-రేలో అదే షాట్‌లో బల్లల వలయాలు, వాటి మధ్య కూర్చుని చీటీలు తిరగేస్తున్న ఆ ఇద్దరు స్పష్టంగా కనిపిస్తారు. వాళ్లు ఎంత పెద్ద గడ్డివాములో సూది వెతుకుతున్నారో అప్పుడు అర్థమవుతుంది.

ఇంకొక్క సీను చెప్పి తీరాలి. వుడ్‌వర్డ్ ఫోన్‌లో నిక్సన్ ఎన్నికల ప్రచారానికి నిధులు సేకరించిన డాల్‌బర్గ్‌తో మాట్లాడతాడు. దాదాపు ఆరు నిమిషాలు ఒకే షాట్, కెమెరా అతని ముఖం మీదికి నెమ్మదిగా జరుగుతూ ఉంటుంది. మొదట్లో ముందున్న అతనూ, వెనక దూరంగా టీవీ చుట్టూ మూగిన జనమూ రెండూ తేటగా ఉండేలా లెన్సు అమర్చారు. షాట్ చివర్లో రెడ్‌ఫోర్డ్ ఒక పేరు తప్పు పలికి, పాత్రలోనే ఉండి సర్దుకున్నాడు. పకూలా దాన్ని అలాగే ఉంచేశాడు. డీవీడీలో ఆ వెనక జనం మసకబారిపోతారు. బ్లూ-రేలో మాత్రం న్యూస్‌రూమ్ మొత్తం బతికి ఉంటుంది. బర్‌బ్యాంక్ స్టూడియోలో వేసిన ఆ సెట్ కోసం వాషింగ్టన్ పోస్ట్ ఆఫీసు నుంచి చిత్తుకాగితాలు కూడా తెప్పించారు. ఆ బల్లల మీది కాగితాల కుప్పలు చూడ్డానికైనా బ్లూ-రే కావాలి.

శబ్దం అసలు సినిమాలో ఉన్నట్టే మోనో, అంటే ఒకే చానల్‌ది, అదే సరైనది. టైప్‌రైటర్ మీటల దెబ్బల్లో తుపాకీ, కొరడా శబ్దాలు కలిపిన సినిమా ఇది. దీనికి వచ్చిన 4 ఆస్కార్లలో ఒకటి శబ్దానికే.

మరి రెండు బ్లూ-రేల్లో ఏది? డిజిబుక్ చేతిలో పట్టుకుంటే ముచ్చటేస్తుంది. గట్టి అట్ట, ఫొటోలు, వ్యాసాలు, చివర్లో డిస్కు. డీవీడీలోని ప్రత్యేక అంశాలూ ఇందులోకి వచ్చాయి. కానీ అట్ట మూలలు తొందరగా నలుగుతాయి. సెకండ్‌హ్యాండ్‌లో కొంటే వెన్ను ఫొటో అడిగి మరీ కొనండి. 2013 సెట్ చూడ్డానికి మామూలు ప్లాస్టిక్ పెట్టె. అందులో అదనంగా ఉన్నది, అదే ఏడాది డిస్కవరీ చానల్లో వచ్చిన పూర్తి నిడివి డాక్యుమెంటరీ. రెడ్‌ఫోర్డ్, బెర్న్‌స్టీన్‌గా నటించిన డస్టిన్ హాఫ్‌మన్, అసలు విలేకరులు ఇద్దరూ నలభై ఏళ్ల తర్వాత వెనక్కి తిరిగి చూస్తారు.

ఒక్కటే కొంటానంటే నేను 2013 సెట్టే కొనమంటాను. అల్మరాలో అందంగా ఉండాలి, పుస్తకంలా తిరగేయాలి అనుకుంటే డిజిబుక్. డీవీడీ ఇప్పటికే ఇంట్లో ఉంటే ఉంచుకోండి, కొత్తగా మాత్రం వద్దు.

అమెరికాలోని బంధువులతో తెప్పించుకునేవాళ్లకు ఇంకో మాట. డీవీడీలకు ప్రాంతాల వారీగా రీజియన్ అనే తాళం ఉంటుంది. అక్కడి డీవీడీలు సాధారణంగా రీజియన్ 1, మనది రీజియన్ 5, కాబట్టి మన ప్లేయర్ తిరస్కరించే అవకాశం ఎక్కువ. వార్నర్ బ్లూ-రేలకు చాలావరకు ఆ పేచీ ఉండదు, అయినా అట్ట వెనక చూసుకుని తెప్పించండి. డిస్కు వచ్చాక గదిలో లైట్లు ఆర్పేయండి, టీవీ బ్రైట్‌నెస్ మాత్రం పెంచకండి. ఆ గ్యారేజీ అంత చీకటిగానే ఉండాలి.