బీచ్ రోడ్డు నడకా, జిమ్‌లో బరువులా?

అధిక బరువున్న విశాఖ యువతకు తరచూ ఎదురయ్యే సందేహమిది.

ఖర్చు: నడకకు మంచి బూట్లు చాలు, జిమ్‌కు నెలనెలా రుసుము కట్టాలి.

ఫలితం: వారానికి కనీసం 150 నిమిషాల వేగపు నడక గుండె, ఊపిరితిత్తుల సామర్థ్యాన్ని పెంచుతుంది; బరువులెత్తడమేమో ఆహారం తగ్గించినప్పుడు కొవ్వుతోపాటు కండ కూడా కరిగిపోకుండా కాపాడుతుంది. తూకంలో అంకె కదలకపోయినా, బీచ్ రోడ్డులోని కురుసుర జలాంతర్గామి మ్యూజియం దాటేసరికే ఆయాసపడినవారు ఇప్పుడు మాట్లాడుకుంటూ సాగిపోగలిగితే అది నిజమైన ప్రగతి అని నా దృఢాభిప్రాయం.

ప్రమాదం: నడకలో ఉక్కపోత, నీరసం; బరువులతో అయితే, భంగిమ తప్పితే నడుంనొప్పి.

మెట్లెక్కితేనే రొప్పే విద్యార్థి నడకతో మొదలుపెట్టి, అలవాటయ్యాక వారానికి 2 రోజులు బరువులు చేర్చుకోవాలి; నడిస్తే మోకాళ్లు నొప్పెట్టేవారు వైద్యుని సలహాతో, శిక్షకుని పర్యవేక్షణలో తేలికపాటి బరువులు ఎంచుకోవడం మేలు.