కాలనీ మీటింగ్‌లో ఏ మాట చెల్లాలి? మూడు పద్ధతులు, నా ఓటు

కాలవ కోసం రావిచెట్టు కొట్టాలా వద్దా అని విజయనగరంలో మా కాలనీ సంఘం కూర్చున్న రోజు నుంచీ ఇదే ఆలోచిస్తున్నాను.

కమిటీవాళ్లు ముందే కూర్చుని ఏవి మాట్లాడాలో, ఏవి వద్దో తేల్చేయడం ఒక పద్ధతి. కులం, పార్టీ, పాత పగలు లోపలికి రావు, గంటలో పని అయిపోతుంది. మేం చేసిందీ అదే. కానీ మేం తీసేసిన మొదటి మాట "చెట్టు కొడితే అరిష్టం" అన్నది, నమ్మకాలతో మనకి పనేంటని. ఆ మాటన్న మామ్మ ఊరుకోలేదు. "అరిష్టం సంగతొగ్గేయండి బాబూ, ఎండలో కూరలమ్మినోలంతా ఆ నీడనే కదా కూకుంతారు, ఆలు ఎక్కడికెల్తారు?" అంది. ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆ మాటని మేం దాదాపు బయటికి రానివ్వలేదన్నది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

ఎవరు ఏదైనా చెప్పొచ్చు అన్నది రెండోది. 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్‌లో ప్రజాభిప్రాయ సేకరణ ఇలాంటిదే: కోరం, అంటే కనీసం ఇంతమంది రావాలన్న లెక్క, అక్కర్లేదు; వచ్చిన ప్రతి ఒక్కరికీ అడిగే అవకాశం ఇవ్వాలి, మొత్తం వీడియో తీయాలి, చివర్లో ఎవరేం చెప్పారో స్థానిక భాషలో చదివి వినిపించాలి. శ్రీకాకుళం జిల్లా సోంపేట గుర్తుందిగా. థర్మల్ ప్లాంటుకి బంజరని చూపించిన చోటు నీళ్లుండే బీల, అంటే చిత్తడి నేల అని మొదటి నుంచీ చెప్పింది అక్కడి రైతులు, మత్స్యకారులే. ప్లాంటు వద్దన్న గొడవలో 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు, అదే రోజు పర్యావరణ అప్పీలు అథారిటీ ఆ ప్లాంటు అనుమతి రద్దు చేసింది. కాబట్టి తలుపు మూసేయమని నేను చచ్చినా అనను. అయితే చదివి వినిపించే ఏర్పాటు లేని కాలనీ మీటింగ్‌లో ఇది గొంతున్నవాళ్ల రాజ్యమైపోతుంది, రెండు గంటలు అరుచుకుని టీ తాగి వెళ్లిపోతాం.

మూడోది జాన్ రాల్స్ అనే అమెరికన్ తత్వవేత్త 1990లలో చెప్పిన దానికి దగ్గర. మతమో నమ్మకమో ఏదైనా ముందు పెట్టు, కానీ ఆ నమ్మకం లేనివాళ్లు కూడా ఒప్పుకోగలిగే కారణం తర్వాతైనా చూపించు. ఆయన చెప్పింది రాజ్యాంగం స్థాయి విషయాలకి, కాలవలకి కాదు. అయినా నా ఓటు దీనికే, ఎందుకంటే మామ్మ అచ్చంగా అదే చేసింది. ఒక్క ఇబ్బంది ఉంది: అందరికీ ఆమెలా మాట వెంటనే అందదు, చదువుకున్నవాళ్లు మాత్రం తమ ఇష్టాన్ని కూడా చక్కని కారణంలా చెప్పేస్తారు. అందుకే కారణం వెతికే బరువు చెప్పేవాళ్ల మీదే పెట్టకూడదు. అరిష్టం అన్నప్పుడు "ఎందుకమ్మా, ఆ చెట్టు కింద ఏముంది?" అని అడగాల్సింది మేము.

కాలవని నాలుగడుగులు పక్కకి తిప్పొచ్చా అని ఇప్పుడు కొలుస్తున్నారు. వచ్చే మీటింగ్‌లో ఎవరేమన్నారో నోట్‌బుక్‌లో రాసి, లేచేముందు పైకి చదవాలని అడిగాను, సరే అన్నారు.