రాగి మేకులు, గిన్నె వాషర్లు: మా పడవకి వాడి చూశాక

ముందు అసలు మాట చెప్పేస్తా. ఉప్పునీటిలో తిరిగే చెక్క పడవ అయితే రాగి మేకులే కొనండి, ఖరీదు ఎక్కువే అయినా వెనకాడకండి, కానీ కొనడానికి వెళ్ళేటప్పుడు జేబులో ఒక అయస్కాంతం పెట్టుకోండి.

కోరంగి వైపు కాలవల్లో తిప్పుకోవడానికి మా బావా నేనూ 14 అడుగుల టేకు పడవ కట్టుకుంటున్నాం. మా మేస్త్రికి అలవాటు జింకు పూత ఇనుప మేకులు. అవి చెడ్డవని అనను, కరిగిన జింకులో ముంచి తీసిన, గరుగ్గా బూడిదరంగులో ఉండేవైతే బాగానే ఆగుతాయి. తళతళలాడే రకం పూత మరీ పలచన, అది పోయిందంటే తుప్పు పట్టి మేకు చుట్టూ టేకు నల్లబడిపోతుంది.

మొదట ఒక షాపువాళ్ళు రాగివని ఇచ్చిన మేకులకి ఇంట్లో అయస్కాంతం పెడితే టక్కున అంటుకున్నాయి! ఆకురాయితో గీస్తే లోపలంతా ఇనుము. వాపసు తీసుకోలేదు, ఆ కోపం ఇంకా తగ్గలేదు. పైగా ఇత్తడి స్క్రూలు వాడమన్నారు. ఉప్పునీటిలో ఇత్తడిలోని జింకు పోయి స్క్రూ పెళుసై విరుగుతుంది, వద్దు.

వేరేచోట తెప్పించినవి మాత్రం అసలైన రాగి. చదరపు కాడ, 10 గేజీ మందం, రెండున్నర అంగుళాల పొడవు, వాటికి చిన్న గిన్నెల్లాంటి వాషర్లు. బయటి నుంచి బెజ్జం వేసి మేకు దింపి, లోపలికి వచ్చిన మొనకి వాషర్ తొడిగి, మధ్యలో బోలుగా ఉన్న పంచ్‌తో దాన్ని చెక్కకి ఆనేదాకా దించి, మిగిలిన మొన కత్తిరించి, గుండ్రటి తల సుత్తితో చిన్న చిన్న దెబ్బలు వేస్తూ పుట్టగొడుగులా పరచాలి. ఆ సేపంతా బయట మేకు తలకి బరువైన ఇనుప దిమ్మ ఆనించి ఒకరు పట్టుకోవాలి, అది మా బావ పని, పాపం చేతులు పడిపోయాయి. గట్టిగా కొట్టారా, రాగి మెత్తన కదా, చెక్క లోపలే వంగిపోతుంది, పైకి ఏమీ తెలియదు, తర్వాత వదులవుతుంది. మొదటిరోజు వేసినవాటిలో పదకొండు తీసేసి మళ్ళీ వేశాం.

మన తీరంలో మసూలా పడవలకి పలకల్ని కొబ్బరి తాడుతో కుట్టేవాళ్ళు, కెరటం కొట్టినా పలకలు విడిపోకుండా కాస్త కదిలి సర్దుకునేవి. రాగి మేకుకి అంత సాగుడు లేదు గానీ, చెక్క ఉబ్బినా ఆరినా గిన్నె వాషర్ పట్టు వదలదు, నాకు బాగా నచ్చింది అదే.

ఒక్క లోపం. వాషర్ బెజ్జం మేకు కంటే కొంచెం చిన్నదిగా ఉండాలి, నా ప్యాకెట్‌లో ముప్ఫై దాకా వదులుగా జారిపోయాయి. మేకులూ వాషర్లూ ఒకేచోట, ఒకే గేజీలో తీసుకోండి. రాగినీ ఇనుమునీ పక్కపక్కన కొట్టకండి, ఉప్పునీటిలో ఇనుమే ముందు తుప్పు పట్టి అరిగిపోతుంది.

5కి 4 ఇస్తున్నా. ఇంకో 400 ఆర్డర్ పెట్టాను, అడుగు పలకలు ఇంకా మిగిలే ఉన్నాయి.