పాఠాల వీడియోలను ఈమెయిల్‌లో పంపడం: దీర్ఘకాల వాడకంపై సమీక్ష

అనంతపురంలో డిగ్రీ విద్యార్థులకు భౌతికశాస్త్రం బోధించే నేను, వీడియో పాఠాలను వారికి చేరవేయడానికి చాలా ఏళ్లుగా ఈమెయిల్‌నే ప్రధానంగా వాడుతున్నాను. వాట్సాప్ ఉండగా మెయిల్ ఎందుకని సహోద్యోగులు అడుగుతూనే ఉంటారు. డిసెంబరులో పంపిన వీడియో పరీక్షల ముందు విద్యార్థికి మళ్లీ దొరకాలంటే ఇంతకన్నా నమ్మదగిన మార్గం నాకు కనబడలేదు. గ్రూపులో పెట్టిన లింకు పండుగ శుభాకాంక్షల కింద రెండు రోజుల్లో మరుగున పడుతుంది. మెయిల్‌లో పెట్టినది పాఠం పేరుతో వెతికితే చాలు, పైకి వస్తుంది.

వీడియో ఫైలునే మెయిల్‌కు జతచేయడం మాత్రం నేను ఎవరికీ సూచించను. జీమెయిల్‌లో జతచేసే ఫైళ్లకు పరిమితి 25 ఎంబీ. ఫోన్‌తో 1080పీ నాణ్యతలో తీసిన వీడియో నిమిషానికి వంద ఎంబీ దాటడం మామూలే. పైగా మెయిల్ వ్యవస్థ మొదట అక్షరాలను మోయడానికి రూపొందినది కాబట్టి, జతచేసిన ఫైలులోని ప్రతి మూడు బైట్లను నాలుగు అక్షరాలుగా మార్చి పంపుతుంది; దానివల్ల ఫైలు దారిలో దాదాపు మూడో వంతు పెరుగుతుంది. పరిమితి దాటిన ఫైలును జీమెయిల్ తనంతట తానే గూగుల్ డ్రైవ్‌లో ఉంచి లింకుగా పంపుతుంది గానీ, ఉచితంగా లభించే 15 జీబీ స్థలాన్ని డ్రైవ్, మెయిల్, ఫోటోలు మూడూ పంచుకోవాలి. అందుకే వీడియోను యూట్యూబ్‌లో ఉంచి, లింకును మెయిల్‌లో పంపే పద్ధతిలోనే నేను స్థిరపడ్డాను.

ప్రయోగశాలలో నేను తీసిన వీడియోలను ‘అన్‌లిస్టెడ్’గా పెడతాను. అవి యూట్యూబ్ వెతుకులాటలో కనిపించవు, లింకు ఉన్నవారు మాత్రం చూడగలరు. ‘ప్రైవేట్’గా పెడితే చూడవలసిన ప్రతి ఒక్కరి గూగుల్ ఖాతాను విడిగా చేర్చాలి, తరగతి మొత్తానికి ఆ పని సాగదు. న్యూటన్ వలయాల ప్రయోగంలో ట్రావెలింగ్ మైక్రోస్కోప్ వెర్నియర్‌పై (సూక్ష్మమైన కొలతలకు వాడే చిన్న స్కేలుపై) ఏ గీత ప్రధాన స్కేలు గీతతో కలుస్తోందో చూడటమే అసలు విషయం. అదే వీడియోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే, ఫైలును కుదించే క్రమంలో ఆ సన్నని గీతలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. యూట్యూబ్‌లో చూసే విద్యార్థి కావలసినప్పుడు నాణ్యతను పెంచుకుని, అక్కడే ఆపి, రీడింగు తానే చదువుకోవచ్చు.

ఇతరులు చేసిన పాఠాలను పంపేటప్పుడు నాకు అన్నిటికన్నా ఉపయోగపడింది, వీడియో ఏ క్షణం నుంచి మొదలవ్వాలో లింకులోనే చెప్పగల సౌకర్యం. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి ప్రారంభించిన ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ బోధన కార్యక్రమంలోని ఉపన్యాసాలు చాలావరకు సుదీర్ఘమైనవి. మా విద్యార్థికి అందులో కావలసింది ఒక్క సూత్రం ఉత్పాదన కావచ్చు. కంప్యూటర్‌లో షేర్ బొత్తాం నొక్కి ప్రారంభ సమయాన్ని ఎంచుకుంటే లింకు చివర ఆ సమయం సెకన్లలో చేరుతుంది. 12 నిమిషాల 30 సెకన్ల దగ్గర మొదలవ్వాలంటే అక్కడ 750 అని ఉంటుంది. కళ్యాణదుర్గం, రాయదుర్గం వైపు పల్లెల నుంచి వచ్చే పిల్లల్లో కొందరి ఇళ్లలో అందరికీ కలిపి ఉన్నది ఒకే ఫోను. రాత్రి ఆ ఫోను చేతికి వచ్చిన కాస్త సేపట్లో, మిగిలిన డేటాతో, చూడవలసిన భాగం నేరుగా తెరుచుకోవడం వారికి ఎంత మేలో వారి నోటనే విన్నాను. లింకుకు ముందు, ఎందుకు చూడాలో, చూస్తూ ఏ ప్రశ్నకు జవాబు వెతకాలో రెండు మూడు వాక్యాలు తప్పక రాస్తాను. వివరణ లేని ఒట్టి లింకు మోసపు మెయిల్‌లా కనిపిస్తుంది; అలాంటివి తెరవవద్దని పిల్లలకు చెప్పేది మనమే కదా.

తెలుగులో రాసేవారు వెతుకులాట గురించి ఒక సంగతి గమనించాలి. మెయిల్‌లో వెతికినప్పుడు సాధారణంగా పూర్తి మాట సరిపోలితేనే ఫలితం వస్తుంది. ‘వలయాలను’, ‘వలయాలతో’ అని మాత్రమే రాసి ఉంటే ‘వలయాలు’ అని వెతికినవారికి ఆ మెయిల్ అందకపోవచ్చు. అందుకని సబ్జెక్ట్ వరుసలో యూనిట్ సంఖ్య, పాఠం పేరు విభక్తులు లేకుండా విడిగా రాస్తాను. విద్యార్థుల చిరునామాలు ఒకరివి మరొకరికి కనబడకుండా బీసీసీలో వేస్తాను. ముఖ్యంగా ఆడపిల్లల తల్లిదండ్రులు దీని గురించి అడుగుతారు.

ఈ పద్ధతిలోని పెద్ద లోపం, మెయిల్ తెరిచే అలవాటు పిల్లల్లో లేకపోవడం. స్కాలర్‌షిప్ దరఖాస్తు కోసమో కొత్త ఫోను కోసమో తెరిచిన ఖాతా పాస్‌వర్డ్‌ను చాలామంది మరిచిపోతారు. మొదటి సెమిస్టరు ఆరంభంలోనే ఒక గంట కేటాయించి ఖాతాలను సరిచేయించడం తప్పనిసరి అయింది. ఇప్పటికీ మెయిల్ పంపిన రోజు గ్రూపులో ‘మెయిల్ చూడండి’ అని ఒక మాట పెట్టక తప్పదు.

లింకులు శాశ్వతం కావని కూడా గుర్తుంచుకోవాలి. 2017కు ముందు అప్‌లోడ్ చేసిన అన్‌లిస్టెడ్ వీడియోలను, యజమానులు వద్దని తెలిపినవి మినహా, యూట్యూబ్ 2021 జూలైలో ప్రైవేట్‌గా మార్చింది. భద్రత కోసం లింకుల తీరును మార్చడమే అందుకు కారణం. ఇతరుల వీడియోలనైతే వారు ఎప్పుడైనా తొలగించవచ్చు. కాబట్టి వేసవి సెలవుల్లో పాత మెయిళ్లలోని లింకులన్నిటినీ ఒకసారి తెరిచి చూస్తాను. చెడిపోయిన లింకు ఉంటే కొత్త మెయిల్ రాయను. పాత మెయిల్‌కే జవాబుగా సరైన లింకు పంపుతాను. అప్పుడు ఆ పాఠం కోసం వెతికే విద్యార్థికి పాతదాని కిందనే కొత్తది కనబడుతుంది.