మెషిన్ కొనాలా, పెద్ద సంస్థల్లో అందరూ వాడుకునే కోర్ ల్యాబ్‌కి పోవాలా, ప్రైవేటు ల్యాబ్‌కి ఇవ్వాలా?

నెల్లూరులో ఉండి కనిగిరి వైపు కిడ్నీ జబ్బుల మీద పని చేస్తన్నాం, బోరు నీళ్ళూ యూరిన్ శాంపిల్సూ రెండూ వస్తాయి, వాటిల్లో ఫ్లోరైడ్ ఎంత, ఆర్సెనిక్ కాడ్మియం లాంటి మెటల్స్ ఎంత అనేది చూడాల. కొత్తగా గ్రాంట్ వచ్చినోళ్ళు ముందు అడిగేది ఒకటే, మెషిన్ కొనేద్దామా అని.

ఫ్లోరైడ్‌కైతే కొనేయండి. ఫ్లోరైడ్‌ని కొలిచే ఎలక్ట్రోడూ మీటరూ, శాంపిల్‌లో కలిపే టీసాబ్ అనే బఫర్ ద్రావణమూ ఉంటే చాలు, బల్ల మీద సరిపోద్ది, అంకె తేడాగా ఉంటే సాయంత్రానికే మళ్ళీ పెట్టి చూసుకోవచ్చు.

మెటల్స్‌కి మాత్రం వద్దనే అంటా. బాగా తక్కువ మెటల్‌ని కూడా కొలిచే ఐసీపీ-ఎంఎస్ మెషిన్ కొనడానికి డబ్బులు ఎట్టాగోట్టా సరిపెట్టినా, దాంట్లో మంటలాంటి ప్లాస్మా వెలిగినంతసేపూ నిమిషానికి 15 లీటర్లకి పైనే ఆర్గాన్ తాగుద్ది, ఏసీ ఆగకూడదు, కరెంటు పోకూడదు, దాని మీదే ఉండే మనిషి ఒకరు కావాల, మూడేళ్ళకి ప్రాజెక్టు అయిపోతే ఆ మనిషికి జీతం ఎవురిస్తారు? ఏడాదిలో ఇరవై రోజులు వాడేదానికి ఇంత ఖర్చా, ఆ ఊళ్ళలో డయాలసిస్‌కి తిరిగేవాళ్ళని చూసినాక నాకు మనసు ఒప్పదు.

ప్రైవేటోళ్ళు త్వరగా ఇస్తారు, అది నిజమే. కానీ మాకొక బ్యాచ్‌కి ఆర్సెనిక్ కనపడలేదు అని మాత్రమే రాసిచ్చారు, వాళ్ళ మెషిన్ ఎంత తక్కువ దాకా చూడగలదో రాయలా, అడిగినా చెప్పలా. తాగే నీళ్ళలో ఆర్సెనిక్ హద్దే లీటరుకి 0.01 మిల్లీగ్రాము, ఐసీపీ-ఓఈఎస్ అనే ఇంకో రకం మెషిన్‌లో ఆ దరిదాపుల అంకెని నమ్మడం కష్టం, ఐసీపీ-ఎంఎస్సే కావాల. మాకు ఈ తేడా చెప్పింది కోర్ ల్యాబ్‌లో మెషిన్ చూసే అన్నే, అందుకే నా ఓటు అటే.

ఏ మెషిన్ ఎక్కడుందో దేశంలోని ల్యాబ్ మెషిన్ల వివరాలుండే ఐ-స్టెమ్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో వెతికి స్లాట్ అడగొచ్చు, 2020 నుంచీ ఉంది. ఐఐటీ మద్రాస్‌లో సైఫ్ అనే కోర్ ల్యాబ్ ఉంది, బయటోళ్ళ శాంపిల్స్ తీసుకుంటారు, కంపెనీలకన్నా కాలేజీలకి రేటు తక్కువ. స్లాట్ కోసం వారాలు ఆగాల్సి రావచ్చు, అదొక్కటే బాధ. యూరిన్ తీసుకుంటారో లేదో, ఎథిక్స్ లెటర్ ఏం కావాలో ముందే ఫోన్ చేసి అడగండి, ఐస్ బాక్స్‌తో పినాకిని ఎక్కి చెన్నై దాకా పోయినాక కాదు.

బోరు దగ్గరే రెండు సీసాలు పట్టండి, రెండూ ప్లాస్టిక్‌వే, గాజు ఫ్లోరైడ్‌కి పనికిరాదు. మెటల్స్ సీసాలో మాత్రం నైట్రిక్ యాసిడ్ వెయ్యాల, లేకపోతే మెటల్స్ సీసా గోడకి అంటుకుపోతాయి, కోర్‌కి పోయేది ఆ సీసానే.