చిమ్నీ గ్యాస్‌కు ఏది మేలు: చెట్టా, సోలార్ పలకా, కృత్రిమ ఆకా?

విశాఖలో గాజువాక డాబాల మీద ఆరేసిన బట్టలకు నల్ల ధూళి పడితే గొడవ చేస్తాం, కంటికి కనిపిస్తుంది కాబట్టి. కార్బన్ డయాక్సైడ్ కనిపించదు, వాసనా రాదు. బొగ్గుతో ఒక యూనిట్ కరెంటు తీస్తే అది దాదాపు కిలో బయటికొస్తుంది. ఇక్కడి సింహాద్రి బొగ్గు కరెంటు ప్లాంటు సామర్థ్యమే 2,000 మెగావాట్లు. ఉక్కు ఫ్యాక్టరీ, రిఫైనరీ లెక్కలు వేరే. వీటన్నిటికీ మందు కృత్రిమ కిరణజన్య సంయోగక్రియేనని, అంటే ఆకులాగే ఎండతో నీటినీ కార్బన్ డయాక్సైడ్‌నూ ఇంధనంగా మార్చే ‘కృత్రిమ ఆకు’ అని కొందరి ఆశ.

చెట్లు నాటాల్సిందే, నీడ కోసమైనా. కానీ మామూలు పంట మొక్క తన మీద పడే ఎండలో దాచుకునేది ఒక శాతం అటూఇటూ మాత్రమే. పైగా 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను మన చెట్లను ఏం చేసిందో చూశాం. కూలిన చెట్టు కుళ్లినా, పొయ్యిలోకి వెళ్లినా అందులోని కార్బన్ మళ్లీ గాల్లోకే.

కృత్రిమ ఆకు మాటకొస్తే, 1972లో జపాన్‌లో ఫుజిషిమా, హోండా టైటానియం డయాక్సైడ్ మీద వెలుతురు పడేలా చేసి నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడగొట్టి చూపించారు. చిక్కేమిటంటే ఆ పదార్థానికి పనికొచ్చేవి అతినీలలోహిత కిరణాలే. ఎండలో అవి ఉండేదే ఐదు శాతం లోపు. 2021లో టోక్యోకు చెందిన డోమెన్ బృందం 100 చదరపు మీటర్ల ఇలాంటి కృత్రిమ ఆకు పలకలను ఆరుబయట నడిపితే, అత్యధికంగా 0.76 శాతం ఎండే హైడ్రోజన్‌గా మారింది. ఇంతా చేసి పంట మొక్కను దాటలేదు! అది కూడా నీటిని విడగొట్టడం వరకే. కార్బన్ డయాక్సైడ్ అణువు ఇంకా మొండిది. దాన్ని విడగొట్టబోతే ఎలక్ట్రాన్లు పక్కనున్న నీటి మీదికి పోయి హైడ్రోజన్ చేసేస్తాయి, మిగిలింది నాలుగైదు రసాయనాల కలగాపులగం.

2016లో హార్వర్డ్‌లో నొసెరా, సిల్వర్ బృందం బ్యాక్టీరియా సాయంతో ఎండలో 10 శాతం దాకా దాచుకోవచ్చని లెక్క చూపించింది. బాగానే ఉంది, కానీ అది సోలార్ పలక కరెంటు ఇస్తుందనుకుని, స్వచ్ఛమైన కార్బన్ డయాక్సైడ్ అందించి వేసిన లెక్క. అంటే అక్కడా అసలు ఎండను పట్టేది సోలార్ పలకే.

ఆ పలక బజార్లో దొరికేదే 20 శాతం ఇస్తోంది. ఆ కరెంటుతో నీటిని విడగొట్టినా 12 శాతానికి తగ్గదు. ఉప్పుగాలికి బోల్టులు తుప్పు పడతాయి, ధూళి తుడవాలి, నిజమే. అయినా సింహాద్రి రిజర్వాయరు మీద 25 మెగావాట్ల తేలే పలకలు 2021 నుంచీ ఉన్నాయి. కృత్రిమ ఆకుతో చేసిన మిథనాల్ అనే ఇంధనాన్ని బస్సులో కాలిస్తే ఆ గ్యాస్ తిరిగి గాల్లోకే వస్తుంది, మిగిలేది ఆ మేరకు తప్పిన డీజిల్ మాత్రమే. అదే బొగ్గు బదులు సోలార్ వాడితే గ్యాస్ పుట్టనే పుట్టదు.

అందుకే ఇప్పుడు డబ్బు పెట్టాల్సింది సోలార్ మీద. కృత్రిమ ఆకును ల్యాబుల్లోనే పెంచాలి. రేపు అది చవగ్గా వస్తే రిఫైనరీ దగ్గర పనికిరావచ్చు, గాల్లో 0.04 శాతమే ఉండే కార్బన్ డయాక్సైడ్ చిమ్నీలో ఎన్నో రెట్లు చిక్కగా దొరుకుతుంది కదా. ఈలోగా 2025 జనవరిలో శంకుస్థాపన జరిగిన విశాఖ దగ్గరి పూడిమడక హైడ్రోజన్ హబ్‌లో రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్ తీస్తామంటున్నారు. అక్కడ ఎంచుకున్నదీ కరెంటుతో నీటిని విడగొట్టే దారే.