కేసు డిటెక్టివ్ సొంత గొడవ అయితే: మూడు నవలల్లో ఏది మేలు?

కొమ్మూరి సాంబశివరావు రాసిన యుగంధర్ నవలలు చదువుతూ పెరిగిన పాఠకులకు డిటెక్టివ్ అంటే ఒక లెక్క ఉంటుంది. హత్య ఎవరింట్లోనో జరుగుతుంది. యుగంధర్ తన అసిస్టెంటు రాజును వెంటబెట్టుకుని వస్తాడు, ముడి విప్పుతాడు, వెళ్లిపోతాడు. ఆ కేసును డిటెక్టివ్ సొంత గొడవగా మార్చాలనుకునే రచయితలు తరచు పట్టే దారి ఒకటుంది: కథ నీరసపడగానే విలన్ చేత హీరో భార్యనో కూతురినో ఎత్తుకుపోయేలా చేయడం. ఆ దారి పట్టని మూడు నవలలను ఇక్కడ పక్కపక్కన పెడుతున్నాను. హంతకులెవరో చెప్పను, నిర్భయంగా చదవండి.

డాషియల్ హామెట్ ‘ది మాల్టీస్ ఫాల్కన్’ 1930లో పుస్తకంగా వచ్చింది. శాన్ ఫ్రాన్సిస్కోలో శామ్ స్పేడ్, మైల్స్ ఆర్చర్ కలిసి డిటెక్టివ్ ఆఫీసు నడుపుతుంటారు. ఆర్చర్ హత్యకు గురవుతాడు. అర్ధరాత్రి దాటాక స్పేడ్‌కు ఫోను వస్తుంది. చీకట్లో నాలుగు ముక్కలు మాట్లాడి పెట్టేసి, దీపం వేసి, కాగితంలో పొగాకు పోసి, వేళ్లతో సర్ది, నింపాదిగా సిగరెట్టు చుట్టుకుంటాడు. హామెట్ ఆ చుట్టడాన్ని మాత్రం పూస గుచ్చినట్టు రాస్తాడు. స్పేడ్ మనసులో ఏముందో ఒక్క మాట చెప్పడు. హత్యాస్థలంలో పోలీసు కిందికి వచ్చి శవాన్ని చూడమంటే, నాకు కనిపించేదంతా మీరు చూసే ఉంటారుగా అని తప్పుకుంటాడు. ఆ తర్వాత ఆఫీసు తలుపు మీద ఆర్చర్ పేరు తీసేసి తన పేరొక్కటే రాయించమని సెక్రటరీకి చెబుతాడు. పైగా ఆర్చర్ భార్యతో ఇతనికి సంబంధం ఉంది. చచ్చిపోయిన మనిషంటే గౌరవం కూడా లేదు.

మరి ఇందులో సొంత గొడవ ఎక్కడుంది? అది తెలియాలంటే చివరి అధ్యాయాల దాకా ఆగాలి. అక్కడ స్పేడ్ తన కారణాలు ఒక్కొక్కటే లెక్కపెడతాడు. భాగస్వామిని చంపితే ఏదో ఒకటి చేయాలి, అతను నీకు నచ్చాడా లేదా అన్నది వేరే సంగతి అంటాడు. ప్రేమ, పగ ఉన్న చోట డిటెక్టివ్ పరుగెత్తడం ఎవరైనా రాయగలరు. రెండూ లేని చోట, తనకు నష్టమని తెలిసీ కదలడం హామెట్ రాశాడు. రచయిత కాకముందు ఆయన పింకర్టన్ డిటెక్టివ్ సంస్థలో పనిచేశాడు. ఈ నవలలో వృత్తిధర్మం అంత మొండిగా కనిపించడానికి అదీ ఒక కారణం కావచ్చని నాకనిపిస్తుంది.

రేమండ్ చాండ్లర్ ‘ది లాంగ్ గుడ్‌బై’ (1953) దీనికి పూర్తిగా ఎదురు. లాస్ ఏంజిలెస్ డిటెక్టివ్ ఫిలిప్ మార్లోకు టెర్రీ లెనాక్స్ అనే తాగుబోతుతో స్నేహం కుదురుతుంది. లెనాక్స్ భార్య హత్యకు గురవుతుంది. ఏమీ అడగకుండా మార్లో అతన్ని కారులో మెక్సికో సరిహద్దు దాటిస్తాడు. దానికి పోలీసుల చేతిలో దెబ్బలు తింటాడు, జైల్లో ఉంటాడు, నోరు మాత్రం విప్పడు. లెనాక్స్ చనిపోయాడన్న కబురు వచ్చాక అతని ఉత్తరం, అందులో అయిదు వేల డాలర్ల నోటు చేరతాయి. ఉత్తరంలో కోరినట్టే మార్లో తన ఇంట్లో స్నేహితుడి కోసం ఒక కప్పు కాఫీ పోసి, సిగరెట్టు వెలిగించి పక్కన పెడతాడు. తద్దినం మనకు కొత్త కాదు కనుక ఆ పేజీ తెలుగువాళ్లకు ఇంకాస్త దగ్గరగా తగులుతుంది.

ఆ నోటును మార్లో ఖర్చుపెట్టడు. ఆ కేసును అతనికి అప్పగించినవాళ్లూ ఎవరూ లేరు. వదిలేయమని కోటీశ్వరుడైన లెనాక్స్ మామగారు, ముఠా మనిషి, పోలీసులు అందరూ చెబుతారు, అతను వదలడు. లోపం ఏమిటంటే, మధ్యలో వచ్చే నవలా రచయిత రోజర్ వేడ్ సంసారం గోల చాలాసేపు సాగుతుంది. అక్కడ పుస్తకం మూసేసినవారిని తప్పుపట్టలేను.

మూడోది ఐరిష్ రచయిత్రి టానా ఫ్రెంచ్ తొలి నవల ‘ఇన్ ది వుడ్స్’ (2007). డబ్లిన్ పోలీసు డిటెక్టివ్ రాబ్ రయన్ పన్నెండేళ్లప్పుడు అడవిలోకి వెళ్లిన ముగ్గురు పిల్లల్లో దొరికిన ఒక్కడు. బూట్ల నిండా రక్తం, జరిగినదేదీ గుర్తులేదు. ఇరవయ్యేళ్ల తర్వాత అదే ఊళ్లో ఒక పాప హత్య కేసు అతనికే వస్తుంది. సంగతి పైఅధికారులకు చెప్పి తప్పుకోవాలి, దాచిపెడతాడు. సొంత గాయం దర్యాప్తును చెడగొట్టడం ఇక్కడ కనిపించినంత నిజంగా మిగతా రెండింటిలో కనిపించదు. అయితే పాత చిక్కు చివరికి వీడదు. జవాబు లేని ముగింపు మీకు ఒంటికి పడదంటే దీని జోలికి పోకండి.

ఒక్కటే చదివే తీరిక ఉంటే నా ఓటు హామెట్‌కు. పేజీలు తక్కువ, మాటలు ఇంకా తక్కువ. మళ్లీ మళ్లీ తెరిచేది మాత్రం చాండ్లర్‌నే, అదీ రోజర్ వేడ్ పేజీలు దాటేస్తూ.